వహమ్‌కి దవా

మా నానీ ఒక మాట అనేది. "వహమ్‌కి దవా హకీమ్ లుఖ్మాన్ దగ్గర కూడా లేదు బేటా" అని. ఎవరైనా చిన్న తలనొప్పికే మౌత్ దాకా ఆలోచిస్తే ఆ మాట అని నవ్వేది. అది ఒకరోజు నా మీదికే వస్తుందని నాకేం తెలుసు.

పోయిన నెల ఇషా తర్వాత, నేను షాపు షట్టర్ దించే టైముకి ఒక పిల్లోడు వచ్చాడు. నాది జిరాక్స్ షాపు. గిరాకీ ఎవరూ లేరని చూసుకుని ప్లాస్టిక్ ఫైలు ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. "భాయ్, ఇవి జిరాక్స్ కావాలి" అన్నాడు. ఆరు బ్లడ్ రిపోర్టులు. ఆరూ ఒకే టెస్టువి. ఆరూ నెగటివ్. వాడి చేతులు వణుకుతున్నాయి. "ఇంకో పెద్ద డాక్టర్‌కి పంపాలి భాయ్" అన్నాడు. వాడి మొహం చూస్తే అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టు అయింది. ఎందుకంటే ఇంట్లో అల్మారీ మీద నాదీ ఒక ఫైలు ఉండేది. అందులో తొమ్మిది రిపోర్టులు.

వాడి ఇజాజత్ తీసుకునే ఇది రాస్తున్నా. షర్మ్ సంగతే. మన ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ దగ్గర షుగర్ గురించి, బీపీ గురించి, గుండె ఆపరేషన్ గురించి కూడా మాట్లాడుకుంటాం. నడుము కింది సంగతి మాత్రం దవాఖానాలో డాక్టర్ ముందు కూర్చున్నా నోటికి రాదు. ఆ నోరు రాకపోవడం వల్ల నాకు ఏడాది జిందగీ పోయింది. అందుకే రాస్తున్నా.

2016 డిసెంబర్. నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో టోలీచౌకి దగ్గర ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. కర్నూల్లో మంగ్నీ అయిపోయింది. రంజాన్ తర్వాత షవ్వాల్‌లో నికాహ్ అని పెద్దలు అనుకున్నారు. అప్పుడు ఒక రాత్రి దోస్తులతో పోయి, డబ్బిచ్చి, ఒక ఆమె దగ్గరికి వెళ్లాను. గలతీ నాదే, దోస్తులది కాదు. కండోమ్ వాడాను, అది చిరగలేదు. జరిగింది ఇంతే.

పదో రోజుకి మంట మొదలైంది. పేషాబ్‌కి వెళ్తే చివర్లో చురుక్కుమనేది. తర్వాత దురద. తర్వాత అంచు చుట్టూ వరసగా చిన్న చిన్న తెల్ల పొక్కులు కనిపించాయి. అవి ముందు నుంచీ ఉన్నాయో, కొత్తగా వచ్చాయో నాకు తెలియదు. అంతకు ముందు ఎప్పుడు చూసుకున్నాను గనక? బాత్రూంలోకి పోయి ఫోన్ టార్చ్ వేసుకుని చూసేవాణ్ణి. రోజుకి ఇరవై సార్లు. చీము వస్తుందా అని నొక్కి చూసేవాణ్ణి. యాంటిసెప్టిక్ లోషన్ నీళ్లలో కలిపి అయిదారు సార్లు కడిగేవాణ్ణి. రాత్రి పడుకుని ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసేవాణ్ణి. ఒక్కో ఫోటో చూస్తే ఒక్కో కొత్త బీమారి నాకు తగులుకునేది.

పన్నెండో రోజుకే మొదటి టెస్టు చేయించుకున్నా. నెగటివ్. ఇంత తొందరగా చేస్తే ఏమీ తేలదని తర్వాత చదివాను. 28వ రోజు ఇంకోటి. 45వ రోజు ఇంకోటి. మూడు నెలలకి ఎచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ. గనేరియా, క్లమీడియా కోసం పేషాబ్ టెస్టు. అన్నీ నెగటివ్. రిపోర్టు చేతికి వచ్చిన రోజు బిర్యానీ తినేవాణ్ణి. మరుసటి రోజు మళ్లీ మంట, మళ్లీ షక్. ఒక ల్యాబ్‌లో భయపడి దొంగ పేరు ఇచ్చాను. ఇక ఆ రిపోర్టు నిజంగా నాదేనా, ఇంకెవరి రక్తంతోనైనా మారిందా అని వారం రోజులు నిద్ర లేదు.

మధ్యలో బస్టాండ్ గోడ మీద పోస్టర్ చూసి ఒకడి దగ్గరికి పోయాను. తాను హకీమ్ అన్నాడు. నాడి పట్టుకుని, "ధాత్ పోతోంది, నరాలు పాడయ్యాయి" అని నాలుగు వేల రూపాయలకి పొడి పొట్లాలు ఇచ్చాడు. మన దేశంలో మగవాళ్ల ఈ ధాత్ భయానికి డాక్టర్ నరేంద్ర విగ్ అనే సైకియాట్రిస్ట్ 1960లోనే ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడని నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే నాలుగు వేలు మిగిలేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆమెకి బీమారి ఉందని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేను ఆమె పేరు కూడా అడగలేదు. నా దిమాగ్‌లో నేనే ఆమెని బీమారి మనిషిని చేసిపెట్టుకున్నా. గునాహ్ నాది, బీమారి ఆమెది అని పంచుకున్నట్టు. ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

రంజాన్‌కి ఇంటికి వచ్చాను. నికాహ్ ఇంకో ఆరు నెలలు ఆపమన్నాను. అమ్మీ అన్నం మానేసింది. "హైదరాబాద్‌లో ఎవరైనా అమ్మాయి ఉందా, ఖుదా కోసం చెప్పు" అంది. అబ్బా ఏమీ అనలేదు, నా మొహం చూడటం మానేశాడు. పెళ్లికూతురి ఇంట్లో వాళ్ల మామూ వచ్చి కూర్చుని, "మా పిల్లలో ఏమైనా ఐబ్ కనిపించిందా?" అని అడిగి పోయాడు. నేను ఆ పిల్లని బచాయిద్దాం అనుకుంటున్నా, లోకం ఆమెకే ఐబ్ అంటగడుతోంది. ఏం చెప్పను?

నన్ను పట్టుకుంది మా దుల్హాభాయ్. ఆయన మెడికల్ షాపులో పని చేస్తాడు. నేను వేరే షాపులో కొన్న యాంటీబయాటిక్ గోలీల స్ట్రిప్పులు నా బ్యాగ్‌లో చూశాడు. డాబా మీదికి తీసుకుపోయి, "ఇవి మూడోసారి వాడుతున్నావు. ఎవరు రాశారు?" అన్నాడు. ఎవరూ రాయలేదన్నాను. "ఇట్లా వాడితే రేపు నిజంగా జబ్బు వచ్చిన రోజు గోలీ పని చేయదు మియా" అన్నాడు. అంతే, నేను ఏడ్చేశాను. అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఆపాకి చెప్పను. పొద్దున ఫజర్ తర్వాత తయారుగా ఉండు" అన్నాడు.

సర్కారీ దవాఖానాకి తీసుకుపోయాడు. చర్మం, సుఖవ్యాధుల డాక్టర్ పెద్దాయన. రెండు నిమిషాలు చూశాడు. ఆ పొక్కులు జబ్బు కాదు, వయసు వచ్చాక చాలామంది మగవాళ్లకి ఉండేవే, ఎవరికీ అంటవు అన్నాడు. చీము లేదు, పుండు లేదు, గజ్జల్లో గడ్డలు లేవు. పేషాబ్ కల్చర్ పంపాడు, అందులో ఏమీ పెరగలేదు. షుగర్ వల్ల కూడా అక్కడ దురద, ఎరుపు వస్తాయని షుగర్ చూశాడు, అదీ నార్మల్. "మరి మంట ఎందుకు సార్?" అన్నాను. ఏమేం పూస్తున్నావు, ఎట్లా చూసుకుంటున్నావు అని అడిగాడు. చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. అంత మెత్తని చర్మాన్ని రోజుకి అయిదుసార్లు లోషన్‌తో కడిగి, ఇరవైసార్లు నొక్కితే ఎవరికైనా మండుతుంది అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. భయంలో మనిషి దవడ బిగించినట్టే నడుము కింద కండరాలు కూడా తెలియకుండా బిగిస్తాడంట. నెలల తరబడి అట్లా బిగిస్తే పేషాబ్‌లో మంట, అక్కడంతా నొప్పి వస్తాయంట. లోషన్ మానేసి మామూలు నీళ్లు వాడమన్నాడు, గోరువెచ్చని నీళ్ల టబ్‌లో కాసేపు కూర్చోమన్నాడు, చాయ్ తగ్గించమన్నాడు.

అదే దవాఖానాలో ఐసీటీసీ ఉంది. ఎచ్‌ఐవీ టెస్టు ఉచితంగా చేస్తారు, ముందూ తర్వాతా కూర్చోబెట్టి మాట్లాడతారు, సంగతి బయటికి పోనివ్వరు. నా ఫైలు చూసిన కౌన్సిలర్ అమ్మ తారీఖులు వేళ్ల మీద లెక్కపెట్టింది. యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే ల్యాబ్ టెస్టు 45 రోజులు దాటాక నెగటివ్ వస్తే చాలు, వేలి రక్తంతో చేసే రాపిడ్ టెస్టుకైతే మూడు నెలలు ఆగాలి, నువ్వు రెండూ దాటి ఆరు నెలలకి కూడా వచ్చావు అంది. పదో టెస్టు చేయమని బతిమాలాను. "చేయను నాయనా. చేస్తే నీకు మందు ఇచ్చినట్టు కాదు, జబ్బు ఇచ్చినట్టు" అని ఒక చీటీ రాసి సైకియాట్రీ ఓపీకి పంపింది.

పిచ్చి డాక్టర్ దగ్గరికా అని దుల్హాభాయ్ కూడా కొంచెం తగ్గాడు. కానీ పోయాం. ఆ మేడమ్ మొదట అన్న మాట నాకు ఇప్పటికీ యాద్ ఉంది. "నీ మంట అబద్ధం కాదు. దానికి నువ్వు అనుకున్న కారణం అబద్ధం." దీన్ని హెల్త్ ఆంక్సైటీ అంటారంట. రిపోర్టు చూసినప్పుడు వచ్చే నెమ్మది ఒక్క రోజు ఉంటుంది, అది దిగగానే మనసు ఇంకో రిపోర్టు అడుగుతుంది. అందుకే టెస్టులు పెంచితే భయం తగ్గదు, పెరుగుతుంది. ఆమె ఇచ్చిన హోంవర్క్ ఇది. చూసుకోవాలనిపిస్తే పదిహేను నిమిషాలు ఆగాలి. ఇరవై సార్లని పది చేయాలి, పదిని అయిదు చేయాలి. ఇంటర్నెట్‌లో వెతకడం పూర్తిగా బంద్. గోలీలు కూడా రాసింది, తొమ్మిది నెలలు వాడాను. మొదటి నెల నరకం. మూడో నెలకి ఒకరోజు సాయంత్రం దాకా టార్చ్ సంగతే గుర్తు రాలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. వుజూ చేసి నిలబడితే బొట్టు పడిందేమో అనిపించేది. జమాత్ వదిలి బయటికి పరిగెత్తేవాణ్ణి. ఒక్క నమాజ్‌కి నాలుగు వుజూలు. మసీదులో మౌలానా సాబ్‌ని ఈ బొట్టు సంగతి ఒక్కటే అడిగాను. ఆయన నవ్వి, "ఇది వస్వసా. యకీన్‌గా తెలిసిన దాన్ని షక్ తీసేయలేదు. బట్ట మీద కాసిన్ని నీళ్లు చిలకరించుకో, వెతకకు" అన్నాడు. నాకు ఒళ్లు జల్లుమంది. కౌన్సిలర్ అమ్మ, సైకియాట్రిస్ట్ మేడమ్, మౌలానా సాబ్ ముగ్గురూ ఒకరికొకరు తెలియదు. ముగ్గురూ చెప్పింది ఒకటే, వెతకకు అని.

వెయ్యేళ్ల కిందట అబూ జైద్ అల్ బల్ఖీ అనే ఆలిమ్ ఉండేవాడు, 934లో వఫాత్ అయ్యాడు. బదన్‌కి, నఫ్స్‌కి రెండింటికీ సేహత్ గురించి ఒకే కితాబ్ రాశాడు. అందులో మనసుకి వచ్చే బాధలు నాలుగు లెక్కపెట్టాడు. కోపం, దుఃఖం, భయం, వస్వసా. మన పెద్దవాళ్లు అప్పుడే దీన్ని బీమారిగా చూశారు, షర్మ్‌గా కాదు. మనం ఎందుకో ఆ సంగతి మర్చిపోయాం.

అసలు సంగతి నాకు ఆ తొమ్మిది నెలల్లో తెలిసింది. నేను ల్యాబ్‌లో అడిగింది రక్తం లెక్క కాదు, మాఫీ. గునాహ్‌కి బ్లడ్ టెస్టు లేదు. మాఫీ ల్యాబ్ కాగితం మీద ప్రింట్ కాదు. దానికి చోటు వేరే ఉంది, అక్కడ అడిగాను. రక్తం సంగతి డాక్టర్లకి వదిలేశాను. రెండూ విడదీసుకున్నాకే 2018 జనవరిలో నికాహ్ చేసుకున్నా. మెహర్ ఆ రోజే ఇచ్చేశాను.

రెండేళ్లకి ఇల్లు సున్నం వేయిస్తుంటే మా ఆవిడకి అల్మారీ మీద ఆ ఫైలు దొరికింది. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా ప్లేటు పెట్టి వెళ్లిపోయేది. మూడో రోజు రాత్రి అడిగింది.

"నికాహ్‌కి ముందు టెస్టు చేయించుకున్నారా?"

"తొమ్మిది సార్లు."

"మూడు నెలలు దాటాక ఒక్కటి చాలు కదా."

"చాలు."

"అప్పుడు మా ఇంట్లో నాలో ఏం ఐబ్ ఉందోనని అమ్మ నన్ను తిప్పి తిప్పి అడిగింది. ఆరు నెలలు నేను కూడా అద్దంలో నన్నే చూసుకున్నా" అంది. దానికి నా దగ్గర జవాబ్ లేదు. ఇప్పటికీ లేదు. ఆమె మాఫ్ చేసింది, కానీ మర్చిపోయిందని చెప్పలేను. ఆ ఫైలు ఆమే చింపింది.

అమ్మీ అబ్బాలకి ఒక మాట. కొడుకు కారణం చెప్పకుండా నికాహ్ వాయిదా వేస్తుంటే, గంటల తరబడి బాత్రూంలో ఉంటే, ప్రతిసారీ ఇంకో అమ్మాయే కారణం అనుకోకండి. తలుపు తట్టి తిట్టకండి. ఇంట్లో ఒక దుల్హాభాయ్‌నో, మామూనో పంపించండి. పిల్లలకి ఒక మాట. చీము, పుండు, వాపు, జ్వరం ఉంటే ఆగకండి, సీదా డాక్టర్ దగ్గరికి పోండి. పేరు పోతుందని భయపడకండి. మన ఇష్టం లేకుండా ఎచ్‌ఐవీ టెస్టు చేయకూడదని, సంగతి బయట పెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. సరైన టైముకి చేసిన టెస్టు నెగటివ్ వచ్చి, డాక్టర్ చూసి ఏమీ లేదన్నాక కూడా భయం పోకపోతే, ఇంకో ల్యాబ్ వద్దు, మనసు డాక్టర్ కావాలి.

ఆ రాత్రి నేను పిల్లోడికి జిరాక్స్ తీయలేదు. వాడి రిపోర్టుల తారీఖులు చూశాను, రెండు మూడు నెలలు దాటినవే. ఒకసారి చర్మం డాక్టర్‌కి చూపించుకో, ఆ తర్వాత ఫైలు మూసేయమన్నాను. ఒక కాగితం మీద రెండు నంబర్లు రాసిచ్చాను. ఎచ్‌ఐవీ సంగతులకి 1097, మనసు సంగతులకి టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే, పేరు చెప్పకున్నా మాట్లాడొచ్చు.

నిన్న వాడు మళ్లీ వచ్చాడు. మూడు రోజులు టార్చ్ పట్టలేదంట. నాలుగో రోజు పట్టేశాడంట. మొహం చిన్నబుచ్చుకుని చెప్పాడు. "పర్వాలేదు, నాకూ అట్లే అయింది. రేపటి నుంచి మళ్లీ లెక్కపెట్టు" అన్నాను. ఇద్దరం పక్క హోటల్‌లో ఒక చాయ్ చెప్పి, సగం సగం తాగాం.