అమ్మ అడిగిన పదిహేనేళ్లు

మన సినిమాల్లో క్యాన్సర్ ఎప్పుడు వస్తుందో ప్రేక్షకుడికి బాగా తెలుసు. ఇంటర్వెల్‌కి ఓ రీలు ముందు వస్తుంది! హీరోయిన్ దగ్గుతుంది, డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు, వెనకాల వయొలిన్లు అందుకుంటాయి. ఆ పైన దేవుడి ముందు ఓ పాట. పాట అయ్యేసరికి గంటలు మోగి రోగం నయం కావాలి, లేదా దీపం ఆరిపోవాలి. మూడో దారి మన డైరెక్టర్లకి తెలీదు.

1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’ దీపం ఆరిపోయే రకం. మాధవి నటన, కీరవాణి సంగీతం, జాతీయ అవార్డు తెచ్చిన వేటూరి పాట... ఏడవకుండా హాల్లోంచి బయటికొచ్చినవాళ్లుంటే చెయ్యెత్తండి, చూద్దాం. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, టీవీలో చూసి ఉంటారు. దీనికి మాతృక అదే ఏడాది మలయాళంలో వచ్చిన ‘ఆకాశదూత్’. అక్కడా తల్లి మాధవే. ఆ కథలోది క్రైస్తవ కుటుంబం. తెలుగులోకొచ్చేసరికి ఇల్లూ బొట్టూ మారాయి గానీ, చావబోయే తల్లి బిడ్డల్ని ఒక్కొక్కరినీ పరాయి ఇళ్లకి అప్పగించడం మాత్రం మారలేదు.

ఈ సినిమా సంగతి ఇప్పుడెందుకంటే, మూడేళ్ల కిందట ఆళ్లగడ్డలో ఓ తొమ్మిదేళ్ల పిల్ల దీన్ని టీవీలో చూసి వాళ్లమ్మని ఒక మాట అడిగింది. ఆ అమ్మ మా పెద్దమ్మ కూతురు.

మాది నంద్యాల. అక్కని ఆళ్లగడ్డకిచ్చారు, బస్సులో గంట ప్రయాణం. బావ లారీ డ్రైవరు. ఆళ్లగడ్డ శిల్పాలకి దేశమంతా పేరు కదా, ఆ శిల్పుల దగ్గరికి బండరాళ్లు తోలుతుంటాడు. వారమంతా దేవుళ్లు కాబోయే రాళ్లు మోసి ఆదివారం చర్చికి పోతాడు. అక్కడ ఇదేమీ వింత కాదు.

అక్కకి అప్పుడు ముప్పయ్యొకటి. నాలుగడుగులేస్తే ఆయాసం, ఎడమ డొక్కలో బరువు. రక్తపరీక్షలో తెల్లకణాలు లక్ష దాటి ఉన్నాయి. హైదరాబాదులో ఎముకలోంచి మూలుగ తీసి చూసి బ్లడ్ క్యాన్సరే అన్నారు. అందులో క్రానిక్ మైలాయిడ్ లుకీమియా అనే రకం. రోజుకి ఒక మాత్ర, మానకుండా వేసుకోవాలన్నారు.

ఆ శుక్రవారం నుంచే ఇంట్లో ప్రార్థన కూటం. చాపలు పరిచి, వీధిలోని ఆడవాళ్లంతా తలమీద కొంగేసుకుని కూచునేవాళ్లు. నేను క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మాత్రమే గుళ్లో కనిపించే రకం. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూచున్నాను. నా కంటపడిందేమిటంటే, వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒట్టి చేతుల్తో రాలేదు. ఒకామె పిల్లలకి అన్నం గిన్నె తెచ్చింది, ఒకామె ఉతికిన బట్టలు మడిచి తెచ్చింది. ఇలాంటి ప్రార్థన ఏ సినిమాలోనూ తీయలేదు. తీస్తే క్లోజప్ ఎవరిమీద పెట్టాలో కెమెరామన్‌కి అంతుబట్టదు.

మా వైపు ఏసుప్రభువంటే విజయచందర్ ముఖమే కళ్లముందు మెదిలే తరం ఒకటుంది. 1978 నాటి ‘కరుణామయుడు’ మహిమ అది! చెయ్యి తగలగానే రోగం పోయేది. ప్రార్థన కూడా అంత తొందరగా పని చేయాలని మనసు కోరుకోవడంలో తప్పేముంది? అయితే ఆ కోరికని పట్టుకుని ఆడుకునేవాళ్లూ ఉంటారు. ఒక స్వస్థత కూటంలో ఒక ప్రసంగీకుడు, మాత్ర మింగేవాళ్లది సగం విశ్వాసమేనన్నాడు. అక్క ఇంటికొచ్చి మాత్రల అట్ట బియ్యం డ్రమ్ములో దాచేసింది. తొమ్మిది రోజులు మింగలేదు. బావకి కూడా తెలీదు.

పదో రోజు ఆదివారం. టీవీలో ‘మాతృదేవోభవ’. అది అయిపోయాక పిల్ల వంటింట్లోకొచ్చి అడిగింది:

“మా, నన్ను ఎవరికిస్తావు? తమ్మున్నీ నన్నూ ఒకే ఇంటికి ఇయ్యి మా.”

అక్క ఏం జవాబు చెప్పిందో నాకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం మాత్రం రిటైరైన ముసలి అయ్యగారింటికి పోయింది. ఆయన తిట్టలేదు, బైబిలు తీసి రాజుల రెండో గ్రంథంలో హిజ్కియా కథ చెప్పాడు. చావు ఖాయమని తెలిసిన ఆ రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే, దేవుడు ఇంకో పదిహేనేళ్లిచ్చాడు. అదే అధ్యాయంలో యెషయా ప్రవక్త, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి రాజు పుండుమీద వెయ్యమన్నాడు.

“ముద్ద ఏపిచ్చుకున్నందుకు ఆ రాజుకి విశ్వాసం తగ్గిందా అమ్మా?” అన్నాడట అయ్యగారు.

ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎస్.పి.జి. మిషన్ వాళ్లు ఆళ్లగడ్డ దగ్గర ముత్యాలపాడులో, ఆ తర్వాత నంద్యాలలో పాతుకున్నారు. గుడీ బడీ పెట్టడంతో ఊరుకోక, నంద్యాలలో సెయింట్ వెర్బర్గ్స్ ఆసుపత్రి కూడా నడిపారు. ప్రార్థనా మందూ కలిసి వచ్చిన ప్రాంతం మాది. రెంటికీ తగువు పెట్టినవాడి మీద నాకు ఇప్పటికీ మండుతుంది. అక్కకి మాత్రం కోపం లేదు, అదేం మనసో!

ఆ మాత్ర కథ కూడా ఓ సినిమాకి సరిపోతుంది. పేరు ఇమాటినిబ్. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. ‘మాతృదేవోభవ’ తీసిన రోజుల్లో ఇది లేదు. విదేశీ కంపెనీ మందు నెలకి లక్షకి పైన పలికితే, మన దేశంలో తయారైనది పదివేల లోపే దొరికేది. ఆ కంపెనీ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా పోయి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. ఈ రకం జబ్బులో మందు బాగా పనిచేసినవాళ్లు ఇప్పుడు దాదాపు అందరిలాగే నిండా బతుకుతున్నారు. కాకపోతే మానకూడదు. పొద్దున్నే కళ్లు ఉబ్బుతాయి, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. అయినా సరే.

ఆ రోజు నుంచీ అక్క ప్రార్థన మారింది. ‘స్వస్థపరచు’ అనడం మానేసి, హిజ్కియా లెక్కన పదిహేనేళ్లు అడగడం మొదలెట్టింది. ఐదేళ్ల పిల్లోడికి ఇరవై వస్తాయి, పిల్లకి ఇరవైనాలుగు.

“దేవుడితో బేరమాడుతుండావా అక్కా?” అన్నాను.

“కూరగాయలామెతో ఆడతాం, తండ్రితో ఆడితే తప్పేముండాది రా?”

కానీ ఒక సంగతి దాచలేను. ఆ శుక్రవారం కూటంలోనే, కిడ్నీలు పాడైన ఒక కుర్ర తండ్రి కోసమూ అంతే ఏడ్చి ప్రార్థించారు. డయాలసిస్‌కని వారానికి రెండుసార్లు తిరిగి తిరిగి పోయిరమ్మాడు పాపం, చనిపోయాడు. గెత్సేమనే తోటలో ఏసు అడిగినదీ దొరకలేదుగా అంటారు పెద్దలు. ఆ మాట ఆయన భార్యకి ఓదార్పు అవుతుందో లేదో నేనెలా చెప్పను? ఆమె ఇప్పటికీ శుక్రవారం వస్తుంది. అక్క ఆమె పక్కనే కూచుంటుంది. ప్రార్థనలో ఆమె పిల్లల పేర్లే ముందు చెబుతుంది, తన పిల్లల పేర్లు తర్వాత.

మొన్న హైదరాబాదు పరీక్షలో జబ్బు ఆనవాలు బాగా తగ్గిందన్నారు. రాత్రి అన్నాలయ్యాక మాత్ర, నీళ్ల గ్లాసు తెచ్చేది ఆ పిల్లే. పన్నెండేళ్లొచ్చాయి, మింగిందాకా కదలదు.

“మూడేళ్లయిపోయినాయి, ఇంక పన్నెండే కదక్కా” అన్నాను, ఆటపట్టిద్దామని.

“అయిపోనీ రా, మళ్లీ అడుగుతా” అంది.