చేతులకు పని ఇచ్చిన చదువు



"మావాడికి చదువు అబ్బదండి అయ్యగారూ, గొడ్ల వెంట పంపుతాం" అను తలిదండ్రుల మాట మన గ్రామములలో మీరును వినియుందురు. బడిలో కుదురుగా కూర్చుండనివానికి, ఎక్కము అప్పగింపలేనివానికి మొద్దు అను పేరు తేలికగా అంటుకొనును. ఆ పేరుతోనే వాని చదువు ముగియును. అది ఎంత తొందరపాటు తీర్పో కొంచెము ఆలోచించుదము.

మా సంఘములో అట్టి బాలుడొకడు ఉండెను. సాయంకాలము మేకలను దొడ్డిలోనికి తోలునప్పుడు ఒకటి తగ్గినను, తగ్గినది ఏదో వెంటనే చెప్పెడివాడు. పలకమీద 32 లో నుండి 17 తీసివేయుమనిన మాత్రము తల వంచుకొని నిలిచెడివాడు. నేను చీపురుపుల్లలు తెప్పించి, పదేసి పుల్లలతో మూడు కట్టలు కట్టించి, ప్రక్కను రెండు విడి పుల్లలు పెట్టించితిని. ఏడు తీయుమనగా విడిగా ఉన్నవి రెండే అని చూచెను. ఎవరును చెప్పకమునుపే ఒక కట్ట విప్పెను. 12 లో 7 పోగా 5 మిగిలెను. రెండు కట్టలలో ఒకటి తీయగా ఒకటి మిగిలెను. మొత్తము 15. అప్పు తెచ్చుట యనగా కట్ట విప్పుటయే అని వానికి తెలిసినది.

అయితే పుల్లలతోనే ఆగకూడదు. కట్ట విప్పినప్పుడెల్ల, చేసినదానిని పలకమీద అంకెలతో వ్రాయించితిని. కొన్ని వారములకు పుల్లల అవసరము తీరెను, లెక్క మిగిలెను.

ఇది క్రొత్తగా పుట్టిన ఉపాయము కాదు. పూర్వము మన వీధిబడులలో పిల్లలు వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. 1789లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమమును నడుపుటకు పూనుకొనిన ఆండ్రూ బెల్ అను ఆంగ్లికన్ గురువు, దేశీయుల బడిలో ఆ పద్ధతి చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో తన అనుభవమును లండనులో అచ్చు వేయించెను. 1907లో రోములో శిశువుల బడి తెరచిన మరియా మాంటిసోరి, గరుకు కాగితపు అక్షరములను పిల్లలచే తడిమించెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఒక బిడ్డ చేతితోనే నేర్చును, మరియొక బిడ్డ చెవితోనే నేర్చును అని పిల్లలను విడదీసి బోధింపవలెనని కొందరందురు. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, అట్లు విడదీయుటవలన మేలు కలుగుననుటకు చాలినంత ఆధారము లేదని ప్రకటించిరి. కావున మొద్దు అను పేరు తీసివేసి, దాని స్థానములో మరియొక పేరు అంటింపకుడి. చేతికి పని, కంటికి గుర్తు, నోటికి మాట, ఈ మూడును బిడ్డలందరికిని ఇయ్యుడి.

ఉపాధ్యాయులారా, నేలమీద సుద్దతో 0 మొదలు 20 వరకు గడులు గీసి, గంతులతో కూడిక, తీసివేత చేయించుడి. కాగితము మడిపించి సగమును, పావును చూపుడి. కదలక ఉండలేనివానిని కొట్టుటకు బదులు పలకలు పంచు పని వానికి అప్పగించుడి. సండే స్కూలులో యొర్దాను నుండి తెచ్చిన పండ్రెండు రాళ్ల సంగతి చెప్పునప్పుడు, పిల్లలచేతనే రాళ్లు మోయించి నిలువబెట్టించుడి. ముందుతరముల పిల్లలు చూచి, ఇవి ఏమిటని అడుగవలెననియే గదా యెహోషువ ఆ రాళ్లను నిలువబెట్టించినది!

తలిదండ్రులారా, మీ బిడ్డను గొడ్ల వెంట పంపుటకు ముందు ఒక్క నెల వాని ప్రక్కను కూర్చుండుడి. చింతపిక్కలకును చీపురుపుల్లలకును ఖర్చు లేదు. ఒకసారి బడి విడిచిన బిడ్డ మరల పలక పట్టుట చాల కష్టము. వాని చేతులకు తెలిసినదానిని పలకమీదికి తెచ్చువరకు వానిని విడువకుడి.