నీలం టేపు గరిట

మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయాక న్యూజెర్సీలో మా ఇల్లు బోసిపోయింది. నా బి.ఏ. తెలుగుకి ఇక్కడ ఉద్యోగం ఎవరిస్తారు? "వంట బాగా చేస్తావుగా, మాతో రా" అంటూ పక్కింటావిడ వాళ్ళ యూదుల సంస్థ వంటింటికి తీసుకెళ్ళింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి శబ్బత్ భోజనాలు పంపుతారక్కడ. శుక్రవారం పొద్దుగూకితే శబ్బత్ మొదలు. ఇక మర్నాడు చీకటి పడేదాకా పొయ్యి వెలిగించరు. అందుకే గురువారమే వండి డబ్బాల్లో సర్దుతాం.

మొదటిరోజు ఆ వంటిల్లు చూసి నవ్వొచ్చింది. కోషర్ నియమం ప్రకారం మాంసం, పాలు కలవకూడదు. మాంసం గిన్నెలకి ఎర్ర టేపు, పాల గిన్నెలకి నీలం టేపు. సింకులు కూడా రెండు! అత్తగారి మడి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మూడోవారం కబుర్లలో పడి నీలం టేపు గరిటతో చికెన్ సూప్ కలిపేశాను. నలభైమందికి సరిపడే సూప్. చేతులు వణికాయి. కొత్తకోడలిగా తెలియక ఆవకాయ జాడీ ముట్టుకుంటే, అత్తగారు జాడీ మొత్తం పనిమనిషికిచ్చేసి మూడురోజులు నాతో మాట్లాడలేదు. అదే గుర్తొచ్చింది.

అక్కడ నియమాలు చూసే పెద్దాయన్ని మష్గీయఖ్ అంటారు. వెళ్ళి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "గత 24 గంటల్లో ఈ గరిట వేడి పాలవంటకంలో పెట్టారా?" అని అడిగారు. ఆదివారం తర్వాత ఎవరూ వాడలేదు. "అయితే సూప్ పనికొస్తుంది. గరిటని తర్వాత మరిగే నీళ్ళలో ముంచి శుద్ధి చేద్దాం" అని పక్కన పెట్టారు. "దాచకుండా చెప్పారు, మంచిపని. తినేవాళ్ళు మనల్ని నమ్మి తింటారు కదా" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ళ క్రితం అత్తగారు మా దగ్గరికొచ్చినప్పుడు "నాకో గిన్నే గరిటా విడిగా ఉంచుతావా అమ్మాయ్?" అని అడిగారు. "ఈ దేశంలో అవన్నీ కుదరవత్తయ్యా" అన్నాను. ఆవకాయ జాడీ కక్ష కాకపోతే ఏమిటది? ఆవిడ మారుమాట్లాడలేదు. ఉన్న మూడునెలలూ సగం పూటలు పళ్ళతో, మజ్జిగతో గడిపారు. "ఈ వయసులో ఆకలేముంటుందిలే" అంటే నమ్మినట్టు ఊరుకున్నాను. ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళ నియమం తప్పానని వణికిన చేతులు, ఇంట్లో పెద్దావిడకి ఒక్క గిన్నె తీసివ్వలేకపోయాయి.

మడి నాకిప్పటికీ నచ్చదు. దాని పేరుతో ఎంతమందిని గడప బయట నిలబెట్టారో తెలుసు. కానీ ఆవిడ అడిగింది నన్ను బయట నిలబెట్టమని కాదు, తను నాలుగు ముద్దలు తినడానికి ఓ గిన్నె.

మేలో మళ్ళీ వస్తున్నారు. మొన్న కొత్త స్టీలు గిన్నెలు, గరిట కొని, నీలం టేపు చుట్టి పై అరలో పెట్టాను. ఫోన్‌లో చెప్తే కాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా, "టేపు దేనికే, తడిస్తే ఊడిపోదూ?" అన్నారు.

"ఊడితే మళ్ళీ చుడతాలెండి అత్తయ్యా" అన్నాను.