అమ్మ పరుపు

ఈసారి సుడిదోమ గురించో, యూరియా గురించో కాదు, పరుపు గురించి రాస్తున్నాను. నవ్వకండి. 18 వేలు పోసి నేర్చుకున్న సంగతి, మీకైనా పనికొస్తుందని రాస్తున్నా.

మా అమ్మకు అరవై ఏడేళ్లు. ఊహ తెలిసినకాడి నుంచి ఉభాలకు వంగిన నడుం అది. మొన్న సంక్రాంతి దాటాక ధాన్యం డబ్బులు పడ్డాయి. ఈ ఏడు ముందు అమ్మకే ఏదైనా కొనాలనుకుని నరసన్నపేట వెళ్లి ఒక షాపులో మెత్తని ఫోం పరుపు తెచ్చాను. షాపులో నేనే చేత్తో నొక్కి చూశాను, నేనే బాగుందన్నాను. అమ్మను తీసుకెళ్లాలన్న ఆలోచనే రాలేదు.

ఎండలు ముదిరాక ఒక రాత్రి కరెంటు పోయింది. మంచినీళ్లకని లేచి చూస్తే అమ్మ వంటింటి గుమ్మం దగ్గర, గచ్చు మీద చాప వేసుకుని పడుకుని ఉంది.

"ఏటమ్మా, ఇక్కడ తొంగున్నావు?" అన్నాను.

"ఆ పరుపు మీద వీపు కాలిపోతన్నాదిరా నాయినా. పక్కకి తిరుగుదామంటే ఊబిలో దిగినట్టు దిగిపోతన్నాను. నువ్వు అన్ని డబ్బులెట్టి తెచ్చావు కదా, సెప్పలేకపోనాను."

ఎన్నాళ్ల నుంచి అని అడిగితే శివరాత్రి నుంచి అంది. రోజూ తెల్లారకముందే చాప చుట్టేసి, పరుపు మీద దుప్పటి నలిపి పెట్టేదట, నాకు తెలియకూడదని. గచ్చు మీంచి లేవడానికి మోకాళ్లు సహకరించక గుమ్మం పట్టుకుని లేచేదట. ఆ రాత్రి నాకు మరి నిద్ర పట్టలేదు.

తెల్లారి చూస్తే పరుపుకున్న ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు మేం. మాసిపోతుందని అలాగే ఉంచాం. మనలో చాలా ఇళ్లల్లో ఇదే కథ. ప్లాస్టిక్ మీద పడుకుంటే చెమట ఎటు పోతుంది? కవరు తీశాక కొంచెం నయమైంది కానీ వేడి పూర్తిగా పోలేదు. మెత్తని ఫోంలో ఒళ్లు దిగిపోతుంది, చుట్టూ మూసుకుంటుంది, గాలి ఆడదు. ఒంటి వేడికి ఇంకా మెత్తబడే మెమొరీ ఫోం అయితే మరీను. చలి దేశాల్లో అది హాయేమో. మన సముద్రపు ఉక్కకు కాదు.

మన పాత పద్ధతులు ఒకసారి గుర్తు చేసుకోండి. నులక మంచానికి కింద నుంచి కూడా గాలి వస్తుంది. కానీ నులక సడలిందా, నడుం ఉయ్యాలైపోతుంది. దూది పరుపు చెమట పీల్చుకుంటుంది, అందుకే దానికి ఎండ కావాలి. ఉండలు కట్టిందంటే గట్టి పడిపోయి గాలి ఆడదు, మళ్లీ ఏకించాలి. పొందూరులో ఖద్దరు నూలుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని మనందరికీ తెలుసు. దూదిని విడదీస్తేనే దూది. బూరుగు దూది తేలిక, తడిని తొందరగా పీల్చదు. కొబ్బరి పీచు పరుపు ఉంది చూశారూ, పీచును రబ్బరు పాలతో అతికిస్తారు, పోగుల మధ్య సందులుంటాయి, గాలి ఆడుతుంది. కాకపోతే గట్టిగా ఉంటుంది.

గట్టిదే నడుంకి మంచిదని మనం అంటుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అది అచ్చయింది. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ గుణం కనిపించింది.

మెరక పొలానికీ పల్లం మడికీ ఒకే విత్తనం వేస్తామా? ఒళ్లూ అంతే. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి కొంచెం దిగాలి, కాబట్టి కాస్త మెత్తన ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకు, బరువైన మనుషులకు కొంచెం గట్టిది కావాలి.

ఈసారి అమ్మను బండెక్కించుకుని తీసుకెళ్లాను. "అందరి ముందు తొంగుంతానేటి, సిగ్గు" అంది. బతిమాలి పడుకోబెట్టాను. వెల్లకిలా పడుకున్నాక నడుం కింద చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి ఖాళీగా ఆడితే పరుపు మరీ గట్టి, అసలు దూరకపోతే మరీ మెత్తన. పక్కకు తిరిగినప్పుడు వెన్ను తాడు లాగినట్టు తిన్నగా ఉందో లేదో వెనక నుంచి చూశాను. పావుగంట అలాగే ఉంచాను. షాపాయన మొహం మాడ్చుకున్నా పట్టించుకోలేదు. మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి, అదీ చూశాను.

చివరికి కొబ్బరి పీచు పరుపు తెచ్చి, మీద పల్చని దూది పరుపు వేశాం. పైన నూలు దుప్పటి. దూది పరుపును వారానికోసారి ఎండలో వేస్తున్నాం. రెండూ కలిపి ఆ ఫోం ఖరీదులో సగం కూడా అవ్వలేదు.

అమ్మ నొప్పి పోయిందని చెప్పను. అన్నేళ్ల ఉభాలు పరుపుతో పోవు. కాళ్లు తిమ్మిరెక్కినా, నొప్పి కాలిలోకి దిగినా పరుపులు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. కానీ అమ్మ ఇప్పుడు రాత్రంతా మంచం మీదే ఉంటోంది. నేను లేచి చూస్తున్నాను కాబట్టి తెలుసు.

కొనేముందు పడుకునేవాళ్లను అడగండి. కొన్నాక కూడా అడగండి. మన అమ్మలు అడగకపోతే చెప్పరు.