మొదటి హెచ్చరికనాడే



విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చర్ల వైపు అడవి అంచున ఉన్న మా సంఘానికి ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. ఆదివారం తెర మీద పాటలు వేసేది అదే. బాప్తిస్మ రిజిస్టరు, పెళ్లిళ్ల రిజిస్టరు అందులోనే. వాటికన్నా విలువైనవి పెద్దమ్మలు కోయ భాషలో పాడగా రికార్డు చేసి దాచిన పాటలు. పాడినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

విండోస్ 11కి మారాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాంతో చూస్తే మా ల్యాప్‌టాప్ సరిపోతుందని వచ్చింది. అయినా వెంటనే మొదలుపెట్టలేదు.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. ఏరు తెలిసినవాళ్లు మూడో హెచ్చరిక దాకా కూర్చోరు. ముందే బస్తాలు, మేకలు మెరకకు చేర్చుకుంటారు.

మేమూ అలాగే చేశాం. పాటలు, రిజిస్టర్లు రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి వేరే ఊళ్లో ఉంచాం. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాటల పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మార్చాం. అది యూనికోడ్ కాదు గనుక, ఆ ఫాంటు లేనిచోట మన తెలుగు గజిబిజి అక్షరాలుగా కనిపిస్తుంది.

మొదటిసారి అప్‌గ్రేడ్ 80070070 అనే ఎర్రర్ నంబరు చూపించి ఆగింది. డిస్కులో చోటు చాలదని దాని అర్థం. సెట్టింగ్స్‌లో స్టోరేజీ తెరిచి టెంపరరీ ఫైళ్లు తీసేశాం. పెద్ద వీడియోలు బయటికి పంపాం. రెండోసారి 60 శాతం దాటాక గాలివానకు కరెంటు పోయింది. పాత బ్యాటరీ నిలవలేదు. తెర నల్లబడింది.

పక్కనే ఉన్న ఒక అమ్మాయి, "అయ్యగారూ, మా నానమ్మ పాట పోయిందా?" అంది.

"పోలేదమ్మా" అని పెన్‌డ్రైవును ఫోనుకు పెట్టి అప్పుడే వినిపించాం. పాట అయ్యేదాకా ఆ బిడ్డ కదల్లేదు.

కరెంటు వచ్చాక ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, మార్పులను వెనక్కి తీస్తున్నట్టు చూపించి పాత విండోస్ 10తోనే తెరుచుకుంది. మూడోసారి భద్రాచలం తీసుకెళ్లి, ఇన్వర్టరు ఉన్నచోట, ప్రింటరు, పెన్‌డ్రైవులు అన్నీ తీసేసి పెట్టాం. పూర్తయింది. కొత్తది ఎక్కాక కూడా పాతదాన్ని విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరులో మామూలుగా 10 రోజులు ఉంచుతుంది. ఈలోగా కావాలంటే వెనక్కి రావచ్చు. ఆ రోజుల్లోనే ప్రింటరు, ప్రొజెక్టరు, పాటలు ఒక్కొక్కటీ పరీక్షించాం.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. లెక్క అంటే డబ్బొక్కటే కాదు. పోతే మళ్లీ కొనుక్కోగలిగేది ఏది, ఎంత పెట్టినా తిరిగి రానిది ఏది అని వేరు చేసుకోవడం కూడా లెక్కే. ల్యాప్‌టాప్ మొదటిది. నానమ్మ గొంతు రెండోది.

మీ ఇంటి పెద్దల మాట, పాట ఒక్క ఫోనులోనే ఉంటే ఈ వారమే మరో చోట కూడా దాచండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.