మార్కులు వచ్చాయి, పాలు పడ్డాయా?

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, దాన్ని ఆనుకునే నర్సింగ్ కాలేజీ. లైబ్రరీలో ఎం.ఎస్సీ. విద్యార్థినుల థీసిస్‌లున్న బీరువా తీసి చూపించారు. తల్లిపాలు, ఆరు నెలలు దాటాక పెట్టాల్సిన తిండి మీద చేసినవే ఒక వరుస. చాలావాటి పద్ధతి ఒకటే. బాలింతకు ప్రశ్నపత్రం ఇస్తారు, ఫ్లిప్‌చార్ట్ పెట్టి పాఠం చెబుతారు, కొన్ని రోజులాగి అదే ప్రశ్నపత్రం మళ్ళీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి.

"పెరగకపోతేనే వింత మేడమ్," అని నవ్వారు పిల్లల నర్సింగ్ చెప్పే ట్యూటర్. "అన్నిటికీ సరిగ్గా జవాబు రాసిన తల్లే మర్నాడు డబ్బా పాలు పట్టిస్తుంటే ఆ మార్కులేం చేసుకోవాలి? అందుకే ఇప్పుడు మా పిల్లల్ని పాఠం కంటే ముందు వార్డుకు పంపిస్తున్నా."

ఒక విద్యార్థిని వెంట నేనూ వెళ్ళాను. సిజేరియన్ అయిన రెండో రోజు బాలింత. పక్కన అత్తగారు. "పాలు పడలే సిస్టర్. పసిగుడ్డు ఒక్కటే ఏడుపు. డబ్బా రాసియ్యిండ్రి."

ఆ అమ్మాయి తల్లిపాల గొప్పతనం ఎత్తుకోలేదు. "నొప్పి ఎట్లుందమ్మా? రాత్రి నిద్ర పట్టిందా? పొద్దున ఏం తిన్నవ్?" అని అడిగింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటే కుట్లు లాగుతున్నాయట. ఆ భయంతోనే దగ్గరకు తీసుకోవడం లేదు. డ్యూటీ సిస్టర్‌తో చెప్పి నొప్పికి మందు ఇప్పించింది. పక్కన దిండు వేసి, బిడ్డ కాళ్ళు తల్లి వీపు వైపు వచ్చేలా చంక కింద పట్టించింది. కుట్ల మీద బరువు లేదు. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి రొమ్ముకు దగ్గర చేసింది. గడ్డం ఆనింది, కింది పెదవి బయటికి మడతపడింది. కాసేపటికి గుటకలు వినిపించాయి.

తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "పెద్దమ్మా, మొదటి రోజుల్లో బిడ్డ పొట్టకు కొంచెం కొంచెమే పడుతుంది. చిక్కటి ముర్రుపాలు చాలు. మీరొక పని చెయ్యాలె. ఐదో రోజు నుంచి ఎన్ని గుడ్డలు తడిపిండో లెక్క పెట్టుండ్రి. రోజుకు ఆరు దాటితే పాలు సరిపోతున్నట్టే." డబ్బా అడిగిన మనిషికే కాపలా పని అప్పజెప్పింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతమే. దీనికి కోత ఒక్కటే కారణం కాదు. కానీ కోత నొప్పిని వదిలేసి చెప్పే పాఠం ఎవరి చెవికెక్కుతుంది?

మధ్యాహ్నం క్లాసులో అనుబంధాహారం. అంగన్‌వాడీ బాలామృతం, మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు బల్ల మీదున్నాయి. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలని చూపించారు. దేశంలో 6–23 నెలల పిల్లల్లో చాలినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమేనని అదే సర్వే లెక్క. ఒకమ్మాయి ఆకుకూరల పోషకాలు గడగడా అప్పజెప్పింది. "సరే. తల్లి కూలికి పోతే ఆ పప్పన్నం మెదిపేదెవరు?" అన్నారు ట్యూటర్. సమగ్ర సంరక్షణ అన్న సిలబస్ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్నతో నేలమీదికి దిగింది.

పొద్దున వార్డులో చూసిన ఆ విద్యార్థిని పరిశోధనలో ప్రశ్నపత్రం అలాగే ఉంది. దాని పక్కన ఇంకో కాగితం చేరింది: నొప్పి ఎంత, బిడ్డ రొమ్ము ఎలా పట్టాడు, తడి గుడ్డలెన్ని, తోడు ఎవరు. చిక్కంతా డిశ్చార్జి తర్వాతే. రిజిస్టర్‌లో ఉండేది భర్త నంబర్. ఫోన్ చేస్తే "ఆమె తల్లిగారింట్ల ఉంది" అంటాడు. ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఆరుసార్లు వెళ్ళాలి. చివరి సందర్శనకు తనూ వెంట వెళ్ళేలా ఆ అమ్మాయి అనుమతి అడిగింది. అది దొరికితే ఈ థీసిస్‌కు నమూనా చిన్నదే అయినా, బీరువాలో ఉన్నవాటికి లేని జవాబు ఒకటి ఉంటుంది: ఇంటికెళ్ళాక ఆ బిడ్డ ఏం తాగాడు?