బెయిలు ఇవ్వని వాక్యం

కథనైనా కవితనైనా వాక్యం వాక్యం పట్టుకుని చదివే అలవాటుతో ఈమధ్య ఉపా చట్టం తెరిచాను. 43-డి(5) దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2008 నవంబరు ముంబై దాడుల తర్వాత నెల తిరక్కముందే పార్లమెంటు ఆమోదించిన సవరణల్లో ఇదొకటి. సారాంశం ఇది: కేసు డైరీయో చార్జిషీటో చూశాక, ఆరోపణ పైకి నిజంగానే కనిపిస్తోందని నమ్మడానికి తగిన కారణాలుంటే కోర్టు బెయిలు ఇవ్వకూడదు.

ఆ కాగితాలు రాసేదెవరు? దర్యాప్తు చేసేవాళ్ళే. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో సాక్ష్యాల్ని లోతుగా తూచక్కర్లేదని కూడా చెప్పింది. అంటే పుస్తకం చేతికిచ్చి, రచయిత చెప్పిందంతా నిజమనుకునే సమీక్ష రాయమన్నట్టు.

ఫలితం మనకి దూరంగా ఏమీ లేదు. కవి వరవరరావుని 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, అదీ వయసూ అనారోగ్యమూ చూసి. అప్పటికి కేసులో అభియోగాలే ఖరారు కాలేదు. అదే కేసులో 84 ఏళ్ళ స్టాన్ స్వామి బెయిలు కోసం ఎదురుచూస్తూనే 2021 జులై 5న చనిపోయారు.

"బాంబులు పెట్టేవాళ్ళకి హక్కులేంటి?" అని మా ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళు చూసిన ఊళ్ళో అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. కానీ బాంబు పెట్టిందెవరో తేల్చడానికే కదా విచారణ! అదే 2007లో, మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పాతబస్తీ నుంచి ముస్లిం యువకుల్ని పట్టుకెళ్ళారు. కోర్టులు వాళ్ళని నిర్దోషులన్నాయి. 2012లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత వేరేవాళ్ళ మీద నడిచిన కేసులో 2018లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. జైల్లో పోయిన రోజులు ఆ కుర్రాళ్ళకి తిరిగి రాలేదు. మసీదులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి దోషులెవరో తెలియలేదు.

మా వృత్తిలో అలారం తప్పుగా మోగితే లెక్క రాస్తాం, ఎందుకు మోగిందో వెతుకుతాం. ఎందుకంటే, తప్పుడు అలారాలు పెరిగితే అసలైనది మోగినప్పుడు ఎవరూ లేవరు. ఈ చట్టంలో అలాంటి లెక్క లేదు. తప్పు కేసు పెట్టినవాళ్ళకి ఖర్చేమీ ఉండదు. ఖర్చంతా లోపలున్నవాడిదే.

2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు ఒక తలుపు తెరిచింది. విచారణ విపరీతంగా ఆలస్యమైతే, 43-డి(5) ఉన్నా హైకోర్టులూ సుప్రీంకోర్టూ బెయిలివ్వొచ్చంది. మంచి మాటే. అయితే అప్పటికి ఆ నిందితుడు జైల్లో ఐదేళ్ళు దాటాడు. మొదటి నెలలోనే సాక్ష్యాన్ని తూచి చూసే అధికారం జడ్జికి ఉంటే, ఆ ఐదేళ్ళు ఎవరూ అడగాల్సిన పని ఉండదు.